రెండు డిస్కుల్లో దేన్నుంచైనా బూటయ్యే లైనక్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

సిస్టమ్ అంతా ఉండే రూట్ ఫైల్‌సిస్టమ్ రెయిడ్ 1లోనే (రెండు డిస్కుల్లోనూ ఒకే ప్రతి ఉండే ఏర్పాటు) ఉంది. ఒక డిస్క్ పోయినా మెషీన్ లేస్తుంది కదా?

నడుస్తున్న మెషీన్ నడుస్తూనే ఉంటుంది. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే లేస్తుందా అన్నది వేరే సంగతి. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు.

పవర్ బటన్ నొక్కగానే ముందు మేల్కొనేది మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్. దానికి లైనక్స్ ఎండీ రెయిడ్ (కెర్నల్ సాఫ్ట్‌వేర్‌తోనే నడిపే రెయిడ్) అంటే ఏమిటో తెలియదు. పాత బయాస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ చదవగలిగేది ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉన్న ఈఎస్‌పీ అనే చిన్న పార్టిషన్‌ని. అందులోంచి గ్రబ్ అనే బూట్‌లోడర్ లేస్తుంది, గ్రబ్ వెళ్ళి కెర్నల్‌నీ, రూట్ దొరికేదాకా మెమరీలో ఉండే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న ఫైల్‌సిస్టమ్‌నీ తెస్తుంది, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ లోపల రెయిడ్ కూడుతుంది, ఆ తర్వాతే రూట్ మౌంట్ అవుతుంది. మీరు నమ్ముకున్న రెయిడ్ రంగంలోకి దిగేసరికే బూట్ చాలావరకు అయిపోయి ఉంటుంది. దానికి ముందున్న మెట్లను రెండు డిస్కుల్లోనూ విడివిడిగా మనమే కట్టుకోవాలి.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. రెండేళ్ళు ఆగకుండా నడిచిన ఒక మెషీన్‌లో మొదటి డిస్క్ పోయింది. సర్వీసులు ఒక్క క్షణం కూడా ఆగలేదు. చూశారా రెయిడ్ మహిమ అనుకుంటూ, డిస్క్ మార్చడానికి ధీమాగా మెషీన్ ఆపాను. ఆన్ చేస్తే బూట్ చేయడానికి ఏ పరికరమూ లేదంటూ నల్ల తెర. రెండో డిస్క్‌లో ఈఎస్‌పీ ఉంది, ఇన్‌స్టాల్ రోజున నేనే కొలిచి మరీ చేశాను. అందులో ఒక్క ఫైలు లేదు సరికదా, దాన్ని ఫార్మాట్ కూడా చేయలేదు. యూఎస్‌బీ నుంచి లేపి సరిచేయడానికి పట్టింది పది నిమిషాలు. ఆ యూఎస్‌బీ ఎక్కడ పెట్టానో వెతకడానికి పట్టింది గంట.

పార్టిషన్లు ఎలా పెట్టుకోవాలి?

రెండు డిస్కుల్లోనూ అచ్చంగా ఒకేలా. మొదట ఈఎస్‌పీ, తర్వాత కావాలంటే విడిగా బూట్ పార్టిషన్, మిగతాదంతా రూట్‌కి. చివరి రెండూ రెయిడ్ 1లో ఉంటాయి. పార్టిషన్లు చేసే జీడిస్క్ పనిముట్టులో ఈఎస్‌పీ కోడ్ ఈఎఫ్00, లైనక్స్ రెయిడ్ కోడ్ ఎఫ్‌డీ00.

ఈఎస్‌పీకి 512 ఎంబీ ఇస్తే గ్రబ్ వాడేవాళ్ళకి మిగులుతుంది కూడా. కెర్నళ్ళు కూడా ఈఎస్‌పీలోనే ఉండే పద్ధతైతే ఒక జీబీ ఇవ్వండి. ఇంకా చిన్నది చేద్దామనుకుంటే ఒక్క మాట: 4కే సెక్టర్లున్న డిస్క్‌లో ఫ్యాట్32 కావాలంటే దాదాపు 260 ఎంబీ కంటే తక్కువ కుదరదు.

డిస్క్ చివర కొంచెం ఖాళీ వదలండి. రేపు కొత్తగా కొనే డిస్క్ పేరుకి అదే సైజు అయినా నాలుగు సెక్టర్లు తక్కువుంటే రెయిడ్ దాన్ని చేర్చుకోదు.

ఒక డిస్క్ పార్టిషన్ టేబుల్‌ని రెండోదానికి కాపీ చేయడానికి జీడిస్క్‌కి కమాండ్ రూపమైన ఎస్‌జీడిస్క్‌లో పెద్ద ఆర్ ఆప్షన్ ఉంది. ఇక్కడే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ఆ ఆర్ పక్కన రాయాల్సింది కాపీ చేరాల్సిన డిస్క్ పేరు, కమాండ్ చివర రాయాల్సింది అసలు డిస్క్ పేరు. మామూలు కాపీ కమాండ్‌కి ఇది సరిగ్గా తిరగేసిన వరుస. అలవాటు కొద్దీ రాస్తే ఖాళీ డిస్క్ టేబుల్ వచ్చి నిండు డిస్క్ మీద కూర్చుంటుంది. కాపీ అయ్యాక పెద్ద జీ ఆప్షన్‌తో కొత్త డిస్క్‌కి కొత్త గుర్తింపు సంఖ్యలు ఇవ్వడం మరిచిపోకండి. లేకపోతే రెండు డిస్కులకీ ఒకే పార్ట్‌యూయూఐడీ ఉండి ఫర్మ్‌వేర్ తికమక పడుతుంది.

ఈఎస్‌పీని కూడా రెయిడ్ 1లో పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

పెట్టొచ్చు, పెడుతున్నారు కూడా. ఫెడోరా ఇన్‌స్టాలర్ దీన్ని అనుమతిస్తుంది. అసలు కిటుకంతా మెటాడేటా ఎక్కడ కూర్చుంటుందన్న దానిలో ఉంది. రెయిడ్‌ని తయారుచేసే ఎండీఏడీఎం పనిముట్టు మామూలుగా వాడే 1.2 ఫార్మాట్‌లో రెయిడ్ సమాచారం పార్టిషన్ మొదటి నుంచి 4 కేబీ లోపలికి ఉంటుంది, ఫైల్‌సిస్టమ్ దాని తర్వాత మొదలవుతుంది. ఫర్మ్‌వేర్ వచ్చి పార్టిషన్ మొదట్లో ఫ్యాట్ కోసం చూస్తుంది, కనబడదు, వెళ్ళిపోతుంది. అదే 1.0 ఫార్మాట్‌లో ఆ సమాచారం పార్టిషన్ చివర ఉంటుంది. అప్పుడు ఫర్మ్‌వేర్ కంటికి అది మామూలు ఫ్యాట్ పార్టిషనే. కాబట్టి రెయిడ్ తయారుచేసేటప్పుడే మెటాడేటా 1.0 అని చెప్పాలి, పార్టిషన్ కోడ్ మాత్రం ఈఎఫ్00గానే ఉంచాలి.

ఇందులో ఇబ్బంది ఏమిటంటే, లైనక్స్‌కి తెలియకుండా ఎవరైనా ఆ పార్టిషన్‌లో రాస్తే రెండు ప్రతులూ వేరైపోతాయి. ఫర్మ్‌వేర్ కొన్నిసార్లు ఈఎస్‌పీలో రాస్తుంది. బయాస్ అప్‌డేట్ చేసే పరికరాలు, యూఈఎఫ్‌ఐ షెల్ కూడా రాయగలవు. రాసింది ఒక్క డిస్క్ మీదే పడుతుంది. రెయిడ్‌కి ఆ సంగతి తెలియదు, రెండూ ఒకటే అనుకుని ఒకసారి ఇందులోంచి ఒకసారి అందులోంచి చదువుతుంది. తేడా ఉందని తర్వాత తేలినా, ఏది సరైన ప్రతో దానికి తెలిసే దారి లేదు.

నా మటుకు నేను ఈఎస్‌పీని రెయిడ్‌లో పెట్టను. రెండు విడి ఈఎస్‌పీలు పెట్టి వాటిని సమంగా ఉంచుకుంటాను. పదేళ్ళుగా 1.0 పద్ధతిలో ఏ తేడా రాకుండా నడుపుతున్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళది తప్పని అనను.

సరే, రెండు విడి ఈఎస్‌పీలను సమంగా ఉంచడం ఎలా?

ముందు మీ ఈఎస్‌పీలో ఏముందో చూడండి. జవాబు దాన్నిబట్టి మారుతుంది.

గ్రబ్ వాడుతుంటే ఈఎస్‌పీలో ఉండేది గ్రబ్ బైనరీ, షిమ్ (సెక్యూర్ బూట్ కోసం గ్రబ్ కంటే ముందు లేచే చిన్న ప్రోగ్రామ్), పిడికెడు సైజున్న ఒక కాన్ఫిగ్ ఫైలు. డెబియన్, ఉబుంటుల్లో ఆ కాన్ఫిగ్‌లో ఉండేవి రెండు మూడు వరుసలు మాత్రమే: ఫలానా యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) ఉన్న ఫైల్‌సిస్టమ్‌ని వెతుకు, అక్కడున్న అసలు కాన్ఫిగ్ చదువు అని. అసలు కాన్ఫిగ్, కెర్నళ్ళు రెయిడ్ మీద ఉన్న బూట్‌లో ఉంటాయి. గ్రబ్‌కి ఎండీ రెయిడ్ చదవడం వచ్చు. అంటే కెర్నల్ వారానికోసారి మారినా ఈఎస్‌పీ మారదు, గ్రబ్ ప్యాకేజీ అప్‌డేట్ అయినప్పుడే మారుతుంది. ఇది చాలా తేలిక.

గ్రబ్‌కి బదులు సిస్టమ్‌డీ బూట్ వాడుతుంటే కెర్నళ్ళే ఈఎస్‌పీలో ఉంటాయి. అప్పుడు ప్రతి కెర్నల్ అప్‌డేట్‌కీ రెండోదాన్ని సమం చేయాల్సిందే. నెల రోజులు మరిచిపోతే రెండో డిస్క్‌లో ఉన్న కెర్నల్‌కి సరిపడే మాడ్యూళ్ళు రూట్‌లో ఉండవు. బూట్ మొదలవుతుంది, సగంలో బోర్లా పడుతుంది.

పనిముట్ల విషయానికొస్తే, ఉబుంటు 20.04 నుంచి గ్రబ్ ప్యాకేజీయే ఒకటికి మించి ఈఎస్‌పీలను చూసుకోగలదు. గ్రబ్ ఈఎఫ్‌ఐ ప్యాకేజీని డీపీకేజీ రీకాన్ఫిగర్ చేస్తే ఏయే ఈఎస్‌పీల్లో పెట్టాలని అడుగుతుంది, రెండూ టిక్ చేయండి. వర్చువల్ మెషీన్లు నడిపే ప్రాక్స్‌మాక్స్‌లో ప్రాక్స్‌మాక్స్ బూట్ టూల్ ఉంది. అది తన జాబితాలో ఉన్న ప్రతి ఈఎస్‌పీకీ కెర్నళ్ళను తనే కాపీ చేస్తుంది. ఈ పనికి నేను చూసినవాటిలో ఇదే శుభ్రమైన ఏర్పాటు. మిగతాచోట్ల రెండో ఈఎస్‌పీని వేరే పేరుతో మౌంట్ చేసి, ప్యాకేజీ అప్‌డేట్ అయ్యాక, ఫైళ్ళు కాపీ చేసే ఆర్‌సింక్‌ని దానంతటదే నడిపే చిన్న స్క్రిప్ట్ (హుక్) రాసుకోవాలి. హుక్ రాసేటప్పుడు ఒక్కటి: రెండో ఈఎస్‌పీ నిజంగా మౌంట్ అయిందో లేదో మౌంట్‌పాయింట్ కమాండ్‌తో చూసి, తర్వాతే ఆర్‌సింక్ నడపాలి. లేకపోతే ఫైళ్ళన్నీ రూట్‌లోని ఖాళీ ఫోల్డర్‌లోకి పోతుంటాయి, మీరు మాత్రం అంతా సవ్యంగా ఉందనుకుంటుంటారు.

రెండో డిస్క్ పేరిచ్చి గ్రబ్ ఇన్‌స్టాల్ నడిపాను. చాలదా?

పాత బయాస్ మెషీన్ అయితే చాలు. యూఈఎఫ్‌ఐ అయితే ఆ డిస్క్ పేరుని అది లెక్కే చేయదు. ఈఎఫ్‌ఐ డైరెక్టరీ ఆప్షన్‌లో మీరు చూపించిన చోటే ఫైళ్ళు పెడుతుంది. అంటే రెండోసారి నడిపినా మొదటి ఈఎస్‌పీలోనే మళ్ళీ రాసి ఉంటుంది.

రెండో ఈఎస్‌పీ మౌంట్ చేసి సరైన డైరెక్టరీ ఇచ్చినా ఇంకో తిరకాసు ఉంది. బూట్ ఎంట్రీ (ఏ డిస్క్‌లోని ఏ ఫైలుతో లేవాలో ఫర్మ్‌వేర్‌కి చెప్పే వరుస) రాసేముందు అదే పేరున్న పాత ఎంట్రీని అది తీసేస్తుంది. ఫైళ్ళు రెండు డిస్కుల్లో ఉంటాయి, ఫర్మ్‌వేర్ జాబితాలో మాత్రం ఒక్క ఎంట్రీయే మిగులుతుంది. అందుకే రెండోసారి నో ఎన్‌వీర్యామ్ ఆప్షన్‌తో నడిపి, ఎంట్రీని ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ కమాండ్‌తో చేత్తో రాసుకోవడం మేలు. డిస్క్, పార్టిషన్ సంఖ్య, లోడర్ దారి, పేరు ఇస్తే చాలు. డిస్క్ ఇవ్వడం మరిచిపోతే అది ఎస్‌డీఏ (లైనక్స్ మొదటి డిస్క్‌కిచ్చే పేరు) అనుకుంటుంది, జాగ్రత్త. పేర్లు వేరువేరుగా పెట్టండి, వీలైతే డిస్క్ సీరియల్ నంబర్‌లోని చివరి నాలుగంకెలు కలిపి. రాత్రి రెండింటికి బూట్ మెనూలో ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది?

ఆ ఎంట్రీలు వాటంతటవే మాయమవుతున్నాయి. ఎందుకు?

ఎంట్రీలుండేది డిస్క్‌లో కాదు, మదర్‌బోర్డులోని ఎన్‌వీర్యామ్‌లో. కొన్ని ఫర్మ్‌వేర్లు బూట్ సమయంలో డిస్క్ కనబడకపోతే దాని ఎంట్రీని చెరిపేస్తాయి. డిస్క్ తిరిగి పెట్టినా అది రాదు. మదర్‌బోర్డు మార్చితే అన్నీ పోతాయి, బయాస్ రీసెట్ చేసినా పోవచ్చు.

దీనికి మందు, ఎంట్రీ లేకపోయినా ఫర్మ్‌వేర్ తనంతట తాను వెతికే ఒక స్థిరమైన దారి. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో అది ఈఎస్‌పీలోని ఈఎఫ్‌ఐ ఫోల్డర్, దాని లోపల బూట్ ఫోల్డర్, అందులో బూట్ఎక్స్64 డాట్ ఈఎఫ్‌ఐ అనే ఫైలు. గ్రబ్ ఇన్‌స్టాల్‌ని రిమూవబుల్ ఆప్షన్‌తో నడిపితే అక్కడ పెడుతుంది. డెబియన్‌లో గ్రబ్ ప్యాకేజీ రీకాన్ఫిగర్ చేస్తే ఇది కూడా పెట్టాలా అని అడుగుతుంది, అవుననండి. రెండు డిస్కుల్లోనూ ఈ ఫైలు ఉండాలి.

సంతకం ఉన్న ప్రోగ్రాములనే లేవనిచ్చే సెక్యూర్ బూట్ ఉంటే?

అదనంగా పెద్ద పనేమీ లేదు. షిమ్, గ్రబ్ రెండూ సంతకం ఉన్నవే రెండో ఈఎస్‌పీలోకి వెళ్ళాలి. మొత్తం ఈఎఫ్‌ఐ ఫోల్డర్‌ని కాపీ చేస్తే సంతకాలు ఫైళ్ళతోనే వస్తాయి.

పరీక్షగా ఒక డిస్క్ పీకేశాను. గ్రబ్ వచ్చింది, కెర్నల్ వచ్చింది, ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగింది.

నూటికి తొంభైసార్లు తప్పు, దేన్ని ఎక్కడ మౌంట్ చేయాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ఉంటుంది. అందులో ఈఎస్‌పీని యూయూఐడీతో రాసి ఉంటారు, ఆ యూయూఐడీ ఉన్న డిస్క్ ఇప్పుడు మీ చేతిలో ఉంది. సర్వీసులన్నిటినీ లేపే సిస్టమ్‌డీ దానికోసం 90 సెకన్లు చూసి, రాలేదని చేతులెత్తేస్తుంది. ఈఎస్‌పీ లేకపోయినా నడుస్తున్న సిస్టమ్‌కి ఒరిగేదేమీ లేదు, కానీ ఆ సంగతి మనం చెప్తేనే కదా దానికి తెలిసేది. రెండు ఈఎస్‌పీ వరుసల్లోనూ నోఫెయిల్ అని చేర్చండి. ఎదురుచూపు తగ్గించాలంటే డివైస్ టైమవుట్ కూడా పది సెకన్లు పెట్టుకోవచ్చు.

రూట్ రెయిడ్ దగ్గర కూడా కాసేపు ఆగినట్టనిపిస్తుంది. ఒక సభ్యుడు (డిస్క్) తక్కువున్నప్పుడు, ఆలస్యంగా వస్తాడేమోనని కొంతసేపు చూసి ఆ తర్వాతే ఉన్నవాటితో నడిపిస్తుంది. సిస్టమ్‌డీ ఉన్న ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో ఇది 30 సెకన్లు. ఆ అరనిమిషం ఓపిక పట్టలేక రీసెట్ నొక్కేవాళ్ళను చూశాను, వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

రెయిడ్ ఎండీ127 అనే వింత పేరుతో లేస్తే, ఎండీఏడీఎం కాన్ఫిగ్‌లో దాని వివరం లేదని, లేదా ఉన్నా ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ని తిరిగి తయారుచేయలేదని అర్థం.

స్వాప్‌ని (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ భాగం) కూడా రెయిడ్‌లో పెట్టాలా?

పెట్టాలి. స్వాప్ ఉన్న డిస్క్ పోతే, అందులోకి వెళ్ళిన మెమరీ ఉన్న ప్రాసెస్‌లు కూలిపోతాయి.

తమ రెయిడ్ తామే చూసుకునే బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్‌లు వాడితే?

ఈఎస్‌పీ కథ మారదు, ఫర్మ్‌వేర్‌కి అవీ తెలియవు.

జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ ఒక డిస్క్ లేకపోయినా మారుమాట లేకుండా లేస్తుంది. దానితో చిక్కు వేరే: జెడ్‌ఎఫ్‌ఎస్‌లోని కొత్త ఫీచర్లన్నీ గ్రబ్‌కి అర్థం కావు. అందుకే కెర్నళ్ళను ఈఎస్‌పీలో పెట్టడమో, బూట్‌కి ఫీచర్లు తగ్గించిన విడి పూల్ చేయడమో చేస్తారు.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మాత్రం పట్టుదల మనిషి. రెయిడ్ 1 ప్రొఫైల్‌లో ఒక డిస్క్ లేకపోతే మామూలుగా మౌంట్ కాదు. కెర్నల్‌కిచ్చే రూట్‌ఫ్లాగ్స్‌లో డిగ్రేడెడ్ అని చెప్పాలి. చెప్పినా డిస్కులన్నీ వచ్చేదాకా పరికరాలను గుర్తించే యూడెవ్ ఆగుతుంది కాబట్టి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ షెల్‌లో చేత్తో మౌంట్ చేయాల్సి రావచ్చు. ఆ ఫ్లాగ్‌ని శాశ్వతంగా పెట్టేయాలన్న ఆశ పుడుతుంది, పెట్టకండి. ఒక కేబుల్ వదులై ఒక్క బూట్‌లో డిస్క్ కనబడకపోయినా అది చడీచప్పుడు లేకుండా ఒంటి డిస్క్‌తో రాసుకుంటూ పోతుంది. మనిషి దగ్గర లేని మెషీన్ తనంతట తాను లేవాలంటే రూట్ కింద ఎండీ రెయిడ్ పెట్టుకోవడమే నా ఓటు.

పాత బయాస్ మెషీన్ అయితే?

చాలా సులువు. జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ టేబుల్) డిస్క్ అయితే ఈఎఫ్02 కోడ్‌తో ఒక ఎంబీ పార్టిషన్ రెండింటిలోనూ పెట్టి, గ్రబ్ ఇన్‌స్టాల్ రెండు డిస్కుల పేర్లతో రెండుసార్లు నడపండి. డెబియన్, ఉబుంటుల్లో గ్రబ్ పీసీ ప్యాకేజీ ప్రశ్నలో రెండు డిస్కులూ టిక్ చేస్తే అప్‌డేట్లకి కూడా అదే చూసుకుంటుంది.

ఇదంతా ఎందుకు, మదర్‌బోర్డు రెయిడ్ ఆన్ చేస్తే పోదా?

దాన్ని సగం రెయిడ్ అనాలి. ఇంటెల్ వాళ్ళ పద్ధతిని ఎండీఏడీఎం అర్థం చేసుకుంటుంది, దాన్ని ఫర్మ్‌వేర్ కూడా ఒకే డిస్క్‌గా చూస్తుంది కాబట్టి ఈఎస్‌పీ తలనొప్పి నిజంగానే పోతుంది. బదులుగా, మదర్‌బోర్డు పోతే డిస్కుల్ని అలాంటి బోర్డుకే తీసుకెళ్ళాల్సిన పరిస్థితి రావచ్చు. సర్వర్లలో రెండు ఎం.2 డ్రైవ్‌లు పట్టే విడి బూట్ కార్డులు దొరుకుతాయి. అవి ఫర్మ్‌వేర్‌కీ లైనక్స్‌కీ ఒకే డిస్క్‌గా కనిపిస్తాయి. స్లాట్ ఖాళీగా ఉంటే ఆలోచించదగ్గదే.

ఒకే డిస్క్‌తో నడుస్తున్న సిస్టమ్‌ని తిరిగి ఇన్‌స్టాల్ చేయకుండా మార్చొచ్చా?

మార్చొచ్చు. ముందు బ్యాకప్. తర్వాత కొత్త డిస్క్ మీద రెయిడ్ 1 తయారుచేస్తూ, రెండో సభ్యుడి చోట మిస్సింగ్ అనే మాట రాయాలి. ఎండీఏడీఎం దాన్ని ఖాళీ కుర్చీగా తీసుకుంటుంది. దాంట్లోకి రూట్‌ని ఆర్‌సింక్ చేసి, దాన్నే రూట్‌గా చూపించే క్రూట్‌తో లోపలికెళ్ళి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్, ఎండీఏడీఎం కాన్ఫిగ్ సరిచేసి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌నీ గ్రబ్‌నీ తిరిగి తయారుచేయాలి. కొత్త డిస్క్ నుంచి బూట్ చేయండి. రూట్ నిజంగా ఎండీ మీద ఉందని ఫైండ్‌మౌంట్ కమాండ్‌తో చూశాకే పాత డిస్క్‌ని తుడిచి రెయిడ్‌కి చేర్చండి. ఈ చివరి అడుగు వెనక్కి తీసుకోలేనిది. ఆ రోజు కాకుండా మర్నాడు పొద్దున వేస్తే ఇంకా మంచిది.

పరీక్ష ఎలా చేయాలి?

మెషీన్ ఆపి, మొదటి డిస్క్ కేబుల్ పీకి, ఆన్ చేయండి. బయాస్‌లో డిస్క్‌ని డిసేబుల్ చేయడం అంత నమ్మదగ్గ పరీక్ష కాదు. లేచిందా? ప్రాక్ డైరెక్టరీలోని ఎండీస్టాట్ చూస్తే చదరపు బ్రాకెట్లలో రెండు యూలకు బదులు ఒక యూ, ఒక అండర్‌స్కోర్ కనిపిస్తాయి. మళ్ళీ ఆపి, డిస్క్ తిరిగి పెట్టి, ఆన్ చేసి, రెయిడ్‌లోకి చేర్చి, సింక్ పూర్తిగా అయ్యేదాకా ఆగండి. రెండు యూలు వచ్చాక రెండో డిస్క్ పీకి అదే పని.

మధ్యలోని ఆ సింక్‌ని దాటేయకండి. మొదటిది పీకి రెండోదానితో బూట్ చేసి, వెంటనే దాన్ని పీకి మొదటిదానితో బూట్ చేశారనుకోండి. రెండు డిస్కులూ వేటికవే కొత్త రాతలు రాసుకుంటాయి. నాదే అసలు ప్రతి అని రెండూ అంటాయి. కలిపి పెట్టినప్పుడు ఏది గెలిచినా రెండోదాని రాతలు పోతాయి. పొరపాటున అలా జరిగితే ఏది కావాలో మీరే తేల్చుకుని, రెండోదాని రెయిడ్ సూపర్‌బ్లాక్‌ని చెరిపేసి కొత్త డిస్క్‌లా చేర్చండి.

ఇన్‌స్టాల్ చేసిన రోజునే ఈ పరీక్ష చేయండి. డేటా చేరాక ఎవరికీ చేయి రాదు.

పరీక్షలో పాసైంది. నిజంగా డిస్క్ పాడైనప్పుడు మాత్రం బూట్ కాలేదు!

చచ్చిన డిస్క్ కంటే చావబోయే డిస్క్ ప్రమాదం. ఫర్మ్‌వేర్ ఒక ఎంట్రీ లోడ్ కాకపోతేనో, లోడైన ప్రోగ్రామ్ తప్పుకుంటేనో తర్వాతదానికి వెళ్తుంది. డిస్క్ కనబడుతూ, గ్రబ్ బైనరీ వరకు చదివించి, అక్కడ నీళ్ళు నమిలితే బూట్ గ్రబ్ రెస్క్యూ దగ్గరే నిలబడిపోతుంది. ఫర్మ్‌వేర్ దృష్టిలో లోడర్ లేచింది, తన పని అయిపోయింది. దీనికి పూర్తి విరుగుడు లేదు. ఆ డిస్క్ పీకేసి రెండోదాని నుంచి లేపడమే. మెషీన్ దూరంగా ఉంటే రిమోట్ కన్సోల్ ఉండాలి.

డిస్క్ పోయిన సంగతి నాకెలా తెలుస్తుంది?

మీరు ఏర్పాటు చేసుకోకపోతే తెలియదు. ఎండీఏడీఎం కాన్ఫిగ్‌లో మెయిల్ అడ్రస్ రాసి, మెషీన్ నుంచి మెయిల్ నిజంగా బయటికి వెళ్తోందో లేదో మానిటర్ మోడ్‌లోని టెస్ట్ ఆప్షన్‌తో చూడండి. దానికి తోడు డిస్క్ ఆరోగ్యాన్ని గమనించే స్మార్ట్‌డీ. ఈఎస్‌పీలను మాత్రం ఈ రెండూ పట్టించుకోవు. నేను రెండు ఈఎస్‌పీలనూ డిఫ్‌తో పోల్చి, తేడా ఉంటే మెయిల్ పంపే నాలుగు వరుసల స్క్రిప్ట్‌ని వారానికోసారి నడుపుతాను.

కొత్త డిస్క్ పెట్టాక చేయాల్సింది?

ముందు సీరియల్ నంబర్ చూసి సరైన డిస్క్‌నే పీకండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు బూట్ బూట్‌కీ తారుమారు కావచ్చు, డెవ్ డిస్క్ కింద ఉండే బై ఐడీ పేర్లు మారవు. బాగున్న డిస్క్ నుంచి పార్టిషన్ టేబుల్ కాపీ చేసి, గుర్తింపు సంఖ్యలు మార్చి, రెయిడ్ పార్టిషన్లను చేర్చండి. సింక్ దానంతటది నడుస్తుంది.

అందరూ ఆపేసేది ఇక్కడే. రెండు యూలు కనబడగానే పని అయిపోయిందనిపిస్తుంది. కొత్త డిస్క్‌లోని ఈఎస్‌పీ ఇంకా ఖాళీగానే ఉంది. దాన్ని ఫ్యాట్32తో ఫార్మాట్ చేసి, ఫైళ్ళు కాపీ చేసి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పాత యూయూఐడీ స్థానంలో కొత్తది రాసి, బూట్ ఎంట్రీ పెట్టాలి. ప్రాక్స్‌మాక్స్‌లో అయితే బూట్ టూల్‌కి ఫార్మాట్, ఆ తర్వాత ఇనిట్ అని రెండు మాటలు చాలు. ఉబుంటులో గ్రబ్ ప్యాకేజీని మళ్ళీ రీకాన్ఫిగర్ చేసి కొత్త ఈఎస్‌పీకి టిక్ పెట్టాలి, ఎందుకంటే దాని జాబితాలో ఉన్నది పోయిన డిస్క్. వీలుంటే అప్పుడే ఒకసారి ఆపి, ఆ కొత్త డిస్క్ ఒక్కదానితోనే లేపి చూడండి, సింక్ పూర్తయ్యాక.